సుంకపు మెట్టు, వ్రాయబడిన రేటు: ఒక చారిత్రక పరిశీలన

సువార్తలలో సుంకరులను పాపులతో జతచేసి చెప్పడం మనకు పరిచితమే. రోమా ప్రభుత్వానికి ఊడిగం చేసినందువల్లనే వారు ద్వేషింపబడ్డారని సాధారణంగా వివరిస్తూ ఉంటాము. ఇది కొంతవరకే నిజం. ఆ కాలంలో గలిలయను పాలించినవాడు హేరోదు అంతిప. కపెర్నహూము అతని సరిహద్దుకు దగ్గరి పట్టణం. అక్కడి మెట్టునొద్ద లేవి వసూలు చేసిన సుంకం అంతిప ఖజానాకు సంబంధించినదే గాని నేరుగా కైసరుకు చేరేది కాదు. మరి ప్రజల కోపానికి మూలమేమిటి? దానిని వసూలు పద్ధతిలోనే వెదకాలని మేము భావిస్తున్నాము.

గుత్త పద్ధతి

ఆనాడు రహదారుల మీద, రేవులలో, పట్టణ ద్వారాలవద్ద సరకులపై సుంకం ఉండేది. పాలకులు సాధారణంగా దానిని వేలంలో గుత్తకు ఇచ్చేవారు. ఒప్పుకున్న మొత్తం పాలకునికి చెల్లించాలి. అంతకు మించి వచ్చినది గుత్తదారుని లాభం, తక్కువైతే అతని నష్టం. మూట విప్పించి విలువ కట్టేవాడికే ఆ విలువ పెరగడంలో లాభముంది. బాటసారికి అసలు రేటు తెలిసే మార్గం అరుదు.

ఇది కేవలం మా ఊహ కాదు. క్రీ.శ. 58లో సుంకపు గుత్తదారులపై ఫిర్యాదులు పెరిగినందున నీరో చక్రవర్తి పరోక్ష పన్నులన్నింటినీ రద్దు చేయాలని తలచాడనీ, పెద్దలు వారించగా, అంతవరకు రహస్యంగా ఉన్న పన్ను నిబంధనలను బహిరంగంగా ప్రకటించాలని ఆజ్ఞాపించాడనీ టాసిటస్ వ్రాశాడు.

బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులకిచ్చిన జవాబును (లూకా 3:12,13) ఈ నేపథ్యంలో చదవాలి. ఆయన వృత్తి మానుమనలేదు; నిర్ణయించినదానికి మించి తీసికొనవద్దన్నాడు. రేటు ఎరిగినవాడు సుంకరి ఒక్కడే అయినప్పుడు, దానికి కట్టుబడే భారం అతని మనస్సాక్షిపైనే పడుతుంది. అన్యాయంగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న జక్కయ్య (లూకా 19:8) ఆ భారాన్ని తనంతట తానే ఎత్తుకున్నాడు.

రాతిపై రేటు

మనస్సాక్షిపైనే ఆధారపడకుండా రేటును అందరి కళ్లయెదుట ఉంచిన ఉదాహరణ పాల్మైరాలో ఉన్నది. ఇది బైబిలులోని తద్మోరుగా గుర్తింపబడిన సిరియా ఎడారి పట్టణం. 1881లో అక్కడ వెలుగు చూసిన శాసనం నేడు సెంట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నది. క్రీ.శ. 137 నాటి ఈ శాసనం గ్రీకు, అరామిక్ భాషలలో ఉన్నది. పాత చట్టంలో అనేక సరకులు పేర్కొనబడలేదు. వాటిపై వాడుక ప్రకారం వసూలు చేయడంవల్ల వర్తకులకూ సుంకరులకూ తరచు తగవులు వచ్చేవి. అందుచేత పట్టణ సభ ఆ రేట్లను నిర్ణయించి, ఆలయానికెదురుగా రాతిపై చెక్కించింది. గుత్తదారు అధికంగా పుచ్చుకొనకుండా చూడవలసిన బాధ్యతను అధికారులకు అప్పగించింది. ఎండు సరకుల ఒంటె బరువుకు 3 దేనారములు. సుగంధతైలం తోలుతిత్తులలో ఉంటే 13, చలువరాతి బుడ్లలో ఉంటే 25. అమ్మకానికి తెచ్చిన బానిసకు తలకు 22. మనిషిని కూడా సరకుల పట్టికలో చేర్చిన ఆ రాయి, రేటు వ్రాసినంత మాత్రాన న్యాయం పూర్తికాదని కూడా సాక్ష్యమిస్తున్నది.

తెలుగునేలపై

మన దేశంలో ఇటువంటిదే మోటుపల్లి అభయశాసనం. క్రీ.శ. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు దీనిని వేయించాడు. తుఫానులో చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలవంతంగా లాగుకొనేవారనీ, తాను మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రయానం చేసే వర్తకులనుండి నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసికొననని అందులో చెప్పాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పదింట ఒకవంతు. నిర్ణీత సుంకమే ఇక్కడ అభయమయింది.

ముగింపు

నేటి జాతీయ రహదారులపై టోల్ వసూలుకు 2008 నాటి నియమావళి ఉన్నది. అనేక ప్లాజాలలో ఇప్పటికీ వేలంలో గెలిచిన సంస్థలే వసూలు చేస్తున్నా, రేట్లను బోర్డులపై చూపవలసిందే. 2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో సొమ్ము ఖాతానుండే పోతున్నది. ఆగి బోర్డు చదివే ప్రయాణికులు తక్కువ. వ్రాయబడిన రేటు బాటసారికి రక్షణే, కాని దానిని అతడు చదివినప్పుడే. చదవని చోట మనం మళ్లీ సుంకరి మనస్సాక్షినే నమ్ముకున్నవారమవుతాము.