ఐదూ ఒకేసారి

ఢిల్లీలో రక్షణ శాఖ సమావేశానికి అబ్దుల్ కలామ్ పట్టుకెళ్లిన ప్రతిపాదన ఆచితూచి రాసింది. 1982 జూన్‌లో ఆయన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని క్షిపణుల ల్యాబ్ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చేనాటికి ఆ ల్యాబ్ మనసు విరిగి ఉంది. సోవియట్ క్షిపణిని విప్పి, దాన్ని చూసి అలాంటిదే చేద్దామనుకున్న ‘డెవిల్’ ప్రాజెక్టు మధ్యలోనే మూతపడింది. అందుకే కలామ్ విడతలవారీగా అడిగారు. ముందు రెండు క్షిపణులు, అవి కుదిరాక మిగతావి.

ఎదురుగా రక్షణ మంత్రి ఆర్. వెంకట్రామన్. పక్కన త్రివిధ దళాధిపతులు. సైన్యం తరఫున మన తెలుగువాడు జనరల్ కె.వి. కృష్ణారావు. ఇంతవరకూ ఒక్క క్షిపణి కూడా ఇవ్వని ల్యాబ్‌కు కోట్లు ఎలా ఇవ్వాలన్న శంక గదిలో ఉంది. అంతా విన్న వెంకట్రామన్, విడతలెందుకు, అన్నీ కలిపి ఒకే కార్యక్రమంగా చేపట్టమన్నారు. కలామ్‌కూ, రక్షణ మంత్రి శాస్త్ర సలహాదారు వి.ఎస్. అరుణాచలానికీ నోట మాట రాలేదు. గడువు అడిగితే మర్నాడు ఉదయమే రమ్మన్నారు.

ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు. వాళ్లు రాసిన కొత్త ప్రణాళికలో ఉన్నవి: నేల నుంచి నేలకు పృథ్వి, తక్కువ ఎత్తులో వచ్చే విమానాలకు త్రిశూల్, మరికాస్త దూరానికి ఆకాశ్, యుద్ధ ట్యాంకులపైకి నాగ్. వీటికి తోడు కలామ్ ఎప్పటినుంచో కలగన్న ప్రయోగం: అంతరిక్షం అంచుదాకా వెళ్లి, మళ్లీ వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు కాలిపోకుండా నిలిచే వాహనం. అదే తర్వాత అగ్ని అయింది. తెల్లారి టిఫిన్ దగ్గర కలామ్‌కు చప్పున గుర్తొచ్చింది, ఆ రోజే రామేశ్వరంలో మేనకోడలి పెళ్లని. ఆ సంగతి తెలిసి, మద్రాసు నుంచి మదురైకి వైమానిక దళం హెలికాప్టర్ ఏర్పాటు చేశారు. ఆయన ఆత్మకథలో ఈ ఘట్టం ఉంది.

ఆ ప్రణాళికకు 388 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. 1983 జూలై 27న పని మొదలైంది.

ఐదూ ఒకేలా పండలేదు. 1988 ఫిబ్రవరిలో పృథ్వి, 1989 మే 22న అగ్ని ఎగిరాయి. ఆకాశ్ దళాలకు చేరేసరికి పాతికేళ్లు దాటాయి. నాగ్ తుది పరీక్షలు 2020 దాకా సాగాయి. త్రిశూల్ చివరికి ఆయుధంగా దళాల్లో చేరనేలేదు. అయినా వెంకట్రామన్ నిర్ణయం సరైనదనే నా నమ్మకం. 1987లో సంపన్న దేశాలు క్షిపణి పరిజ్ఞానం బయటికి పోకుండా కట్టడి పెట్టుకున్నాయి. విడతలవారీగా పోయి ఉంటే, రెండో విడత అప్పటికి ఆ గోడ ముందు నిలబడి ఉండేది. పైగా ఇలాంటి పెట్టుబడి ఆయుధం పేరు మీద జరిగినా, అసలు చేతికొచ్చేది లోహాలు, మిశ్రమ పదార్థాలు, వాటిని మలచగల మనుషులు.

అందుకు సాక్ష్యం చూడాలంటే అమీర్‌పేట దాటి పంజాగుట్ట చౌరస్తా మీదుగా నిమ్స్ ఆసుపత్రికి రావాలి. అక్కడి ఎముకల డాక్టరు ఒకాయన కలామ్ ల్యాబ్‌కు వచ్చి, అగ్ని కోసం తయారైన పదార్థాన్ని చేత్తో ఎత్తి, అంత తేలిగ్గా ఉండడం చూసి నివ్వెరపోయారు. కలామ్‌ను తన వార్డుకు తీసుకెళ్లారు. చిన్న చిన్న పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లు కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఈ బరువు తగ్గించండి, అన్నదే ఆ డాక్టరు అడిగింది. మూడు వారాల్లో దాదాపు 300 గ్రాముల క్యాలిపర్లు సిద్ధమయ్యాయి.

388 కోట్ల లెక్కలో ఈ క్యాలిపర్లకు పద్దు లేదు. ఆ తర్వాత 1990ల్లో ఇదే ఊళ్లో కలామ్, గుండె డాక్టరు బి. సోమరాజు కలిసి, దిగుమతి సరుకు కంటే చవగ్గా దొరికే స్టెంట్ తయారీకి పూనుకున్నారు. దానికి పెట్టిన పేరు కలామ్-రాజు స్టెంట్.