వెనక్కి వెళ్ళాలంటే ఇంజన్ ఆపాలి

ఆ బండి ఫొటో మొదటిసారి చూసినవాళ్ళకు ఒకటే అనుమానం వస్తుంది, ఏదో విమానానికి రెక్కలు ఊడబెరికి చక్రాలు తగిలించారా అని. పైన గాజులా మెరిసే అక్రిలిక్ బుడగ. లోపల ఒకరి వెనక ఒకరు కూర్చునే సీట్లు. ముందు రెండు చక్రాలు, వెనక ఒక్కటే. పేరు చూస్తే, యుద్ధవిమానాలు కట్టిన మెసర్‌ష్మిట్. రెండో ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన ఫైటర్ విమానాల మూతలే దీనికి తొడిగారన్న పుకారు ఇప్పటికీ వినబడుతుంది. అది నిజం కాదు. ఈ బండి పుట్టింది కాళ్ళు పోగొట్టుకున్న సైనికుల కోసం.

యుద్ధం ముగిశాక జర్మనీలో అలాంటివాళ్ళు ఊరూరా ఉన్నారు. రోజన్‌హైమ్‌లో ఫ్రిట్జ్ ఫెండ్ అనే విమాన ఇంజనీరు 1948లో వాళ్ళకోసం మూడు చక్రాల చిన్న బండి ఒకటి తయారుచేశాడు. మొదటి దానికి ఇంజనే లేదు, నడిపే మనిషి చేతిబలమే ఆధారం. తర్వాత 38 సీసీ మోటారు పెట్టాడు. ఆ బండికి ఫ్లిట్జర్ అని పేరు. కొన్నాళ్ళకు ఆయన ఊహించనిది జరిగింది: కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళు కూడా మాకూ ఒకటి కావాలని రావడం మొదలుపెట్టారు. కారు కొనే స్తోమత లేదు, మోటారుసైకిల్ మీద వానలో తడవాలని లేదు. అయితే ఇద్దరు కూర్చునే బండి చేయాలి, దానికి పెద్ద ఫ్యాక్టరీ కావాలి.

ఆ ఫ్యాక్టరీ రెగెన్స్‌బర్గ్‌లో పనిలేక ఎదురుచూస్తోంది. ఓడిన జర్మనీలో విమానాలు కట్టకూడదని నిషేధం ఉండడంతో విల్లీ మెసర్‌ష్మిట్ కంపెనీ వేరే పనులు వెతుక్కుంటోంది. ఇద్దరికీ పొత్తు కుదిరింది. 1953లో కేఆర్175 రోడ్డెక్కింది. కేఆర్ అంటే జర్మన్‌లో గది ఉన్న స్కూటర్ అని అర్థం. సీట్లు ముందూ వెనకగా పెట్టడం వింత కోసం చేసింది కాదు. బండి సన్నగా ఉంటే గాలి తక్కువగా అడ్డుపడుతుంది, అప్పుడే 174 సీసీ ఇంజన్‌తో పని జరుగుతుంది. ఆ బుడగ రూపమంతా ఈ లెక్కలోంచే వచ్చింది. నాకు ఈ డిజైన్‌లో అన్నిటికన్నా నచ్చేది ఈ నిజాయితీ.

1955లో వచ్చిన కేఆర్200కి 191 సీసీ ఇంజన్. దాన్లో వెనక్కి వెళ్ళే ఏర్పాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. రివర్స్ గేరు విడిగా లేదు. బండి ఆపి, ఇంజన్ కట్టేసి, తాళం చెవిని మామూలుకన్నా ఇంకాస్త లోపలికి నొక్కి స్టార్ట్ చేస్తే ఇంజనే తిరగబడి తిరుగుతుంది. దాని చిన్న టూ స్ట్రోక్ ఇంజన్‌లో వాల్వులుండవు. పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ తనే ద్వారాలు మూస్తూ తెరుస్తూ ఉంటుంది, కాబట్టి ఎటు తిరిగినా దానికి ఒకటే. నిప్పురవ్వ పడే సమయం ఒక్కటే మారాలి, అందుకు ఆ రవ్వ సమయాన్ని నిర్ణయించే కాంటాక్ట్ పాయింట్లు రెండో జత పెట్టారు. అంటే ముందుకు వెళ్ళే నాలుగు గేర్లూ వెనక్కీ పనిచేస్తాయి! అదనంగా ఒక్క గేరు చక్రమైనా చేర్చకుండా ఈ పని సాధించడం చూస్తే ఫెండ్ బుర్రకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

బొమ్మ బండి అన్నవాళ్ళకు జవాబుగా అదే ఏడాది హాకెన్‌హైమ్ ట్రాక్ మీద కొద్దిపాటి మార్పులు చేసిన కేఆర్200ని 24 గంటలు ఏకబిగిన పరుగెత్తించారు. సగటు వేగం గంటకు 103 కిలోమీటర్లు. దాని తరగతిలో ఉన్న 25 రికార్డుల్లో 22 బద్దలయ్యాయి. మొదటి ఏడాదే సుమారు 12,000 బండ్లు అమ్ముడుపోయాయి.

కానీ మెసర్‌ష్మిట్ మనసు విమానాల మీదే ఉంది. 1956లో మళ్ళీ విమానాలు కట్టే అనుమతి రాగానే రెగెన్స్‌బర్గ్ ఫ్యాక్టరీని వదిలించుకున్నారు. ఫెండ్, వాలెంటిన్ క్నాట్ అనే భాగస్వామితో కలిసి దాన్ని తీసుకుని నడిపాడు. నాలుగు చక్రాల, 500 సీసీ మోడల్ కూడా తెచ్చాడు. అయితే అప్పటికి జర్మన్ ఇళ్ళలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకునే కార్లు కొంటున్నారు. 1964లో కేఆర్200 తయారీ ఆగిపోయింది. చివరి బండి దాకా దానికి గుండ్రని స్టీరింగ్ రాలేదు, స్కూటర్‌కు ఉన్నట్టు హ్యాండిలే.