పన్ను మనది, దంతం అరువుది

బెజవాడ సూర్యారావుపేటలో పళ్ళ డాక్టర్ల బోర్డులు చదువుకుంటూ ఓ పావుగంట నడిస్తే చాలు, కాస్త గ్రీకు వచ్చేస్తుంది. ఆర్థోడాంటిస్ట్, పెరియోడాంటిస్ట్, ఎండోడాంటిస్ట్. గ్రీకులో పన్నుని 'ఒదూస్' అంటారు, విభక్తి చేరితే 'ఒదోంత్' అవుతుంది. ఇంగ్లీషు నోట్లో పడి అదే 'డాంట్' అయింది. 'ఆర్థోస్' అంటే తిన్ననిది, 'పెరి' అంటే చుట్టూ, 'ఎండో' అంటే లోపల. వంకర పళ్ళు సరిచేసేవాడు, పంటి చుట్టూ చిగుళ్ళు చూసేవాడు, పంటి లోపలికి దిగి రూట్ కెనాల్ చేసేవాడు. అంతే! మామూలు డెంటిస్ట్ మాత్రం గ్రీకు కాదు, లాటిన్ 'డెన్స్' తాలూకు.

బోర్డులకెక్కని మాటలు ఇంకా బాగుంటాయి. నిద్రలో పళ్ళు కొరకడాన్ని బ్రుక్సిజం అంటారు, పళ్ళు నూరడం అనే అర్థమున్న గ్రీకు క్రియ నించి. (రిలీజు ముందు మన టీముల్లో సగం మందికి ఉండేది ఇదే.) ముందు పళ్ళ మధ్య సందు పేరు డయాస్టెమా. గ్రీకులో దానికి ఉత్తి 'ఎడం' అనే అర్థం, సంగీతంలో రెండు స్వరాల మధ్య దూరాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవాళ్ళు. అంతరించిపోయిన ఏనుగులాంటి జంతువు మాస్టొడాన్ పేరుకి 'రొమ్ము పన్ను' అని అర్థం. దాని దవడపళ్ళ మీద బుడిపెలు చూసి ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే పెట్టాడా పేరు. జ్ఞానదంతం కూడా సంస్కృతం చొక్కా తొడుక్కున్న పాత గ్రీకు ఊహే. బుద్ధి వచ్చే వయసులో మొలుస్తాయని వాళ్ళు వాటిని 'సోఫ్రొనిస్టేరెస్' అన్నారు.

ఇక అసలు సంగతి. ఒదోంత్, డెంట్, దంత. ఈ మూడూ పక్కపక్కన పెట్టగానే ఫార్వర్డులు మొదలవుతాయి, "చూశారా, గ్రీకు మన భాషలోంచే పుట్టింది" అని. ఇందులో రెండు తప్పులున్నాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక తల్లి పిల్లలు, ఒకదాన్నించి ఒకటి పుట్టినవి కావు. ఆ తల్లి బహుశా ఇప్పుడు బతికి లేదని విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పాడు. ఇంగ్లీషు 'టూత్' కూడా ఆ ఇంటిదే. నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది రెండోది. ఆ "మన" ఎవరిదండీ? దంతం మనం అరువు తెచ్చుకున్న మాట. మనది పన్ను, పళ్ళు. తమిళంలో పల్, మలయాళంలో పల్లు, కన్నడంలో హల్లు. వీటికి ఒదోంత్‌తో ఏ చుట్టరికమూ లేదు.

ఈ లెక్క తేలడంలో మన కృష్ణా జిల్లా మనిషి చెయ్యి ఉంది. ఆయన మచిలీపట్నం మామిడి వెంకయ్య, 'ఆంధ్రదీపిక' నిఘంటువు రాసినాయన. సంస్కృతం నించి వచ్చిన మాటలేవి, అచ్చంగా దేశ్యాలేవి అని మన వ్యాకరణాలు ఎప్పట్నించో చేస్తున్న విభజనని ఆయన వివరంగా రాసిపెట్టాడు. 1816లో మద్రాసులో క్యాంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు, దానికి ఎల్లిస్ అనే కలెక్టరు ఒక ముందుమాట రాశాడు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలకి చుట్టమనీ ధాతువుల పట్టికలు వరసగా పెట్టి చూపించాడు. అందులో వెంకయ్య రాసింది అనువదించి మరీ సాక్ష్యంగా వాడుకున్నాడు. ఎల్లిస్ 1819లో పోయాడు. 1856లో కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది, పేరంతా ఆయనకి పోయింది. వెంకయ్య సంగతి బందరులో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

అరువు మాటలంటే నాకేం పడకపోవడం లేదు. త, ద, న లని దంత్యాలు అనకపోతే ఇంకేమంటాం? 'చాప', 'జామ'ల్లో పలికే దంత్య చ, జ లకి ఉన్న ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లోకి వచ్చింది 2008లో. కానీ పాలపళ్ళు, కోరపళ్ళు, ఎత్తుపళ్ళు, పిప్పిపన్ను, గార అని ఇంట్లో ఇన్ని మాటలు ఉండగా, ఆస్పత్రి కరపత్రంలో 'దంతక్షయం' అని ఎందుకు వేస్తారో అర్థం కాదు. పిప్పిపన్ను అంటే పేషెంటుకీ తెలుసు, డాక్టరుకీ తెలుసు.

అన్నట్టు పన్ను అంటే ట్యాక్సు కూడా కదా. బహువచనంలో మాత్రం అవి విడిపోతాయి. ప్రభుత్వం వేసేవి పన్నులు, నోట్లో ఉండేవి పళ్ళు. ఆ పళ్ళేమో మళ్ళీ వెళ్ళి నూజివీడు మామిడిపళ్ళతో కలుస్తాయి :)