ఐఎల్-7: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

మూలవాక్యం: స్ట్రోమల్ కణాలు ఇచ్చే ఐఎల్-7, గ్రాహకమున్న పూర్వకణాలను బతికిస్తుంది, పెంచుతుంది, హద్దులో ఉంచుతుంది.

స్ట్రోమల్ కణాలు: ఎముక మజ్జలో రక్తకణాల పుట్టుకకు ఆసరాగా నిలిచేవి. థైమస్‌లో ఐఎల్-7 ఇచ్చే పని ఎపితీలియల్ కణాలది. లింఫోసైట్లు, అంటే టి, బి కణాల వంటివి, ఐఎల్-7 మీదే ఆధారపడి ఉన్నా దాన్ని తాము తయారుచేసుకోవు. మిగతా కథంతా ఇక్కడినుంచే మొదలవుతుంది.

ఐఎల్-7: ఇంటర్‌ల్యూకిన్-7. 1988లో ఎలుక మజ్జలో, బి కణాల పూర్వరూపాలను పెంచే ప్రొటీన్‌గా గుర్తించారు.

గ్రాహకం: ఇందులో రెండు గొలుసులు. ఆల్ఫా ఒకటి, రెండోదైన గామా ఐఎల్-2, 4, 9, 15, 21 గ్రాహకాల్లోనూ ఉంటుంది. ఐఎల్-7 వచ్చి తగలగానే లోపల జాక్1, జాక్3 ఎంజైములు మేల్కొని స్టాట్5 అనే ప్రొటీన్‌ను కేంద్రకానికి పంపుతాయి. ఆల్ఫా జన్యువు చెడిన పిల్లల్లో టి కణాలు ఉండవు, బి కణాలు మాత్రం ఉంటాయని 1998లో తేలింది. ఎలుకల్లోనైతే రెండూ దెబ్బతింటాయి. ఎలుకలో చూసినదాన్ని మనిషికి అలాగే అంటగట్టకూడదనడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

బతికిస్తుంది: నా దృష్టిలో వాక్యానికి ప్రాణం ఈ మాటే. థైమస్‌లో లేత కణం తన టి కణ గ్రాహకం కోసం జన్యుముక్కలను కోసి, అతికించుకుంటూ ఉంటుంది. అది పూర్తయ్యేదాకా కణం చావకూడదు. ఐఎల్-7 సంకేతం బీసీఎల్-2 అనే ప్రొటీన్‌ను పెంచి ఆ చావును ఆపుతుంది. 1997లో, ఆల్ఫా గొలుసు లేని ఎలుకల్లో బీసీఎల్-2ను కృత్రిమంగా పనిచేయించి చూశారు. టి కణాలు చాలామటుకు తిరిగొచ్చాయి. బి కణాలు రాలేదు. వాటికి బతుకు ఒక్కటే చాలదన్నమాట.

పెంచుతుంది: విభజన కూడా ఈ సంకేతంతోనే సాగుతుంది.

హద్దులో ఉంచుతుంది: ఐఎల్-7 సరఫరా పరిమితం. సంకేతం అందుకున్న టి కణం తన ఆల్ఫా గొలుసును తగ్గించుకుంటుంది, పంక్తిలో తిన్నవాడు లేచి తర్వాతివాడికి చోటిచ్చినట్టు. హెచ్‌ఐవీ వల్లో కీమోథెరపీ వల్లో టి కణాలు తగ్గితే, వాడుకునేవి లేక రక్తంలో ఐఎల్-7 పెరుగుతుంది. టి కణ లుకేమియా రోగుల్లో సుమారు పదోవంతు మందిలో ఈ హద్దు చెరిగిపోతుంది: ఆల్ఫా గొలుసులో వచ్చిన మార్పు వల్ల, ఐఎల్-7 అందకపోయినా గ్రాహకం సంకేతమిస్తూనే ఉంటుంది.