ప్లేగు, టీకా, ప్రజల సమ్మతి

బెంగుళూరు నుండి గుంతకల్లు పోయే రైలుదారిలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరుసగా వస్తవి. మీటరుగేజి మార్గంగా ఇది 1893 ప్రాంతంలో ఏర్పడినది. అప్పటికి ఈ మూడు ఊళ్ళూ మద్రాసు రాజధానిలో, అనంతపురం జిల్లాలో ఉండేవి. (2022 నుండి ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి.) హిందూపురం దాటి దక్షిణంగా కొద్ది మైళ్ళు పోతే మైసూరు సంస్థానం వచ్చేది. కనుక ఈ మార్గం సంస్థానానికీ రాజధానికీ నడుమ ఒక వాకిలి వంటిది. బెల్లం, ధాన్యం, బట్ట, వాటితోపాటు మనుషులు ఈ వాకిట రాకపోకలు సాగించేవారు.

1898 ఆగస్టులో బెంగుళూరులో ప్లేగు పొడసూపినది. హుబ్బళ్ళి నుండి రైలులో వచ్చిన ఒక రైల్వే ఉద్యోగితో అది ఊళ్ళో అడుగుపెట్టినదని చెబుతారు. హుబ్బళ్ళి నుండి బెంగుళూరు ఎట్లు చేరినదో, బెంగుళూరు నుండి మన దిక్కుకూ అట్లే రావచ్చును గదా! వైద్యం చేసేవారి ముందు, పరిపాలన చేసేవారి ముందు ఒక చిక్కు ప్రశ్న నిలిచినది. పదిమంది క్షేమం కొరకు, ఏ తప్పూ చేయని ఒక మనిషి శరీరంపై ఎంతవరకు అధికారం చెలాయించవచ్చును?

ప్లేగు సామాన్యమైన వ్యాధి కాదు. తీవ్రమైన జ్వరం, గజ్జలలోనో చంకలలోనో బిళ్ళ కట్టడం, కొద్దిరోజులలో మరణం. బిళ్ళ ప్లేగు సోకినవారిలో సగానికి మించి చనిపోయేవారు. దీనికి కారణమైన సూక్ష్మజీవిని 1894లో హాంకాంగులో యెర్సిన్ కనుగొన్నాడు గాని, రోగిని బ్రతికించే మందు ఏదీ లేదు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా అరశతాబ్దం ఉన్నది. మందు లేనప్పుడు వైద్యుని చేతిలో మిగిలేది రోగిని వేరుచేయడమే.

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలగానే ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసినది. అది 1897 నాటి మూడవ చట్టం. చాల చిన్నది, నాలుగే సెక్షన్లు. రైలు ప్రయాణికులను ఆపి పరీక్షించవచ్చును. అనుమానం ఉన్నవారిని ఆసుపత్రిలోనో శిబిరంలోనో ఉంచవచ్చును. ఆజ్ఞను ధిక్కరిస్తే శిక్ష. నాలుగవ సెక్షను ఇంకొక మాట చెప్పినది: సదుద్దేశంతో ఈ చట్టం క్రింద చేసిన పనికి ఎవరిమీదా దావా వేయరాదు. అనగా పరీక్షించబడిన మనిషికి కర్తవ్యాలున్నవి గాని, ఫిర్యాదు చేసే హక్కు లేదు.

మద్రాసు రాజధానిలో దీని క్రింద 'ప్లేగు పాస్‌పోర్టు' పద్ధతి వచ్చినది. ప్లేగు ఉన్న ప్రాంతం నుండి వచ్చిన ప్రయాణికునికి ఒక చీటీ ఇచ్చేవారు. అతడు దిగిన ఊళ్ళో పదిరోజులపాటు నియమిత అధికారి ఎదుటికి పోయి, తనకు జ్వరం లేదని చూపించుకోవలెను. బెంగుళూరు వైపు నుండి ఈ దారిన వచ్చే వ్యాపారి, కూలి, పెండ్లికి పోయే ముసలమ్మ, అందరూ ఈ నియమాలకు లోబడినవారే. పూర్తిగా నిర్బంధించడం కంటే ఇది మెరుగే. కాని పరాయి పురుషుడు స్త్రీల చంకలు, గజ్జలు తడిమి చూడడం, ఇంట్లో దూరి రోగిని ఎత్తుకొనిపోవడం దేశమంతటా ఆగ్రహం రేపినవి. 1897 జూన్‌లో పూనాలో ప్లేగు అధికారి రాండ్ కాల్చివేయబడ్డాడు. 1900 నాటికి ప్రభుత్వం బలవంతపు చర్యలను చాలవరకు సడలించినది.

ఇక్కడ శాస్త్రం మన మీద ఒక చమత్కారం చేసినది. 1898లో కరాచీలో సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు, ప్లేగు ఎలుక నుండి ఎలుకకు, మనిషికి ఈగ వలె ఎగిరిరాదనీ, ఎలుకల మీది గోమారి వంటి చిన్న పురుగు ద్వారా వస్తుందనీ ప్రయోగంతో చూపాడు. చాలమంది నమ్మలేదు. 1905 తరువాత బొంబాయిలో లిస్టన్, ఆపై ప్లేగు పరిశోధక సంఘం దానిని రూఢిపరచిన పిమ్మటనే అది నిలిచినది. స్టేషనులో వైద్యుడు మనిషి చంక తడుముతూ ఉండగా, ఎలుకలూ వాటి పురుగులూ ధాన్యపు బస్తాల నడుమ టిక్కెట్టు లేకుండా పోగలిగినవన్నమాట. దక్కనులోని పల్లెవాసులు మాత్రం, ఇంట్లో ఎలుకలు చచ్చిపడితే ఊరు వదలి పొలాలలో గుడిసెలు వేసుకొనేవారు. కారణం వారికి తెలియదు. చేసిన పని సరియైనది. బలవంతం చేసినవారికి తమ జ్ఞానం ఎంత అసంపూర్ణమో తెలియలేదు. ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్నలో నాకు అన్నిటికంటె బరువుగా తోచేది ఇదే.

ఇక టీకా సంగతి. వాల్డెమార్ హాఫ్‌కిన్ బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి, 1897 జనవరి 10న మొదట తనకే వేసుకొన్నాడు. జ్వరం, నొప్పి అనుభవించి తరువాత ఇతరులకు వేశాడు. ఇంతవరకు మెచ్చదగినదే. ఆ నెలాఖరున బైకుల్లా జైలులో ముందుకు వచ్చిన ఖైదీలకు టీకా వేశారు. వేయించుకోనివారిలో కొందరు ప్లేగుతో చనిపోయారు, వేయించుకొన్నవారు బ్రతికారు. ఫలితం స్పష్టమే. కాని తాళం వెనుక ఉన్నవాడు 'సరే' అన్నప్పుడు ఆ 'సరే' విలువ ఎంత? అప్పుడు ఎవరూ గట్టిగా అడుగలేదు.

ప్రభుత్వం టీకాను తప్పనిసరి చేయలేదు. అయితే టీకా వేయించుకొన్నవారికి కొన్నిచోట్ల నిర్బంధాల నుండి మినహాయింపు ఇచ్చేవారు. శిబిరం తప్పించుకోవలెనంటే సూది వేయించుకో అన్నట్లు. దీనిని సమ్మతి అనవలెనా, బేరం అనవలెనా?

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో టీకా వేయించుకొన్న 107 మందిలో, ఒకే సీసాలోని మందు పడిన 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. సీసా మూత తీసేటప్పుడు పట్టుకారు నేలమీద పడినదనీ, దానిని సరిగా శుద్ధిచేయలేదనీ తరువాత తేలినది. కాని మొదటి విచారణ నింద హాఫ్‌కిన్ ప్రయోగశాలపై మోపినది. అతడు పదవి కోల్పోయాడు. 1907లో రొనాల్డ్ రాస్, మరికొందరు శాస్త్రజ్ఞులు లండన్ టైమ్స్ పత్రికలో అతని పక్షాన వ్రాసిన మీదట నింద తొలగినది. స్వేచ్ఛగా చేయి చాచిన పల్లెవాసికి జరిగినది ఇది. బలవంతంగా వేసి ఉంటే, ఆ తరువాత ఏ ఊరివారైనా వైద్యుణ్ణి గడప తొక్కనిచ్చేవారా?

రాస్ ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. అతడు మలేరియా రహస్యం కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టులో. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. నోబెలు బహుమానం 1902లో రాస్‌కు వచ్చినది. అణాలు పుచ్చుకొన్న మనిషికి ఆ ప్రయోగం గురించి ఏమేమి చెప్పారో చరిత్ర పట్టించుకోలేదు.

ఇవి వెనుకటి కాలపు అలవాట్లని త్రోసివేయడానికి వీలులేదు. 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించే టీకా వేసే పరిశీలన ప్రారంభమైనది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిని చేపట్టినవి. 2010 ఏప్రిల్‌లో నిలిపివేశారు. అక్కడి బాలికల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, టీకా మంచిదే. తప్పు వేరొకచోట ఉన్నది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాలపై సంతకాలు చేసినవారు తల్లిదండ్రులు కారు, వసతిగృహాల వార్డెన్లు. గిరిజన బాలిక ఎక్కడో అడవి పల్లెలో ఉన్న తన తల్లిని అడుగవలసిన మాట, వార్డెను బల్లమీద ఒక్క గీతతో ముగిసిపోయినది.

1897 నాటి చట్టం 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మళ్ళీ బయటికి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంవత్సరం మార్చిలో దాని క్రిందనే నిబంధనలు ప్రకటించినది. టీకా విషయంలో 2022 మే 2న సుప్రీంకోర్టు జేకబ్ పులియెల్ దావాలో తీర్పు చెప్పినది: ఎవరినీ టీకా వేయించుకొమ్మని బలవంతం చేయరాదు, అయితే ఇతరులకు ప్రమాదమున్నప్పుడు, దానికి తగిన మేరకు పరిమితులు విధించవచ్చును, ఆనాటి పరిస్థితిలో, వేయించుకోనివారిపై ఉన్న పరిమితులను ఎత్తివేయడం మంచిది. పదిరోజుల ప్లేగు పాస్‌పోర్టు ఇట్టి కొలతకు నిలిచేదా, నిలిచేది కాదా అన్నది హిందూపురం రైలుదిగిన ఆనాటి ప్రయాణికుడు అడుగవలసిన ప్రశ్న. అతనికి నాలుగవ సెక్షను అడ్డమున్నది.