ఉగాండా హతసాక్షులు: చరిత్ర, కాథలిక్ చర్చిలో స్వలింగ సంపర్కంపై వాదన

ప్రపంచ చరిత్రలో ఆఫ్రికా అనగానే మనం 1884–85 నాటి బెర్లిన్ సదస్సు గురించి రెండు పాయింట్లు రాసుకుని పేజీ తిప్పేస్తాం. ఆ సదస్సు ఇంకా ముగియకముందే, 1885 జనవరి 31న, విక్టోరియా సరస్సు ఉత్తర తీరంలోని బుగాండా రాజ్యంలో ముగ్గురు ఆంగ్లికన్ కుర్రాళ్లను చంపారు. ఆ తర్వాత రెండేళ్లపాటు హత్యలు సాగాయి. కాథలిక్కులు 22 మంది, ఆంగ్లికన్లు 23 మంది అని లెక్క. వీళ్లనే ఉగాండా హతసాక్షులు అంటారు. అక్కడ స్వలింగ సంపర్కంపై వాదన వచ్చినప్పుడు వీళ్ల పేర్లు ఇప్పటికీ తరచూ వినిపిస్తాయి.

ముందు జరిగింది చూడండి. బుగాండా రాజును కబాకా అంటారు. సర్దారుల కుటుంబాల నుంచి కుర్రాళ్లను రాజభవనంలో కొలువుకు పంపేవారు. అక్కడ మెప్పు పొందినవాడు రేపు సర్దారు కావచ్చు. ఒక రకంగా ఆ రాజ్యానికి అదే సివిల్ సర్వీసు శిక్షణ అనుకోండి. 1877లో ఆంగ్లికన్ మిషనరీలు, 1879లో కాథలిక్ శ్వేత ఫాదర్లు వచ్చారు. ముస్లిం వర్తకులు అంతకుముందే ఉన్నారు. ఈ కొత్త మతాలు ముందుగా పాకింది భవనంలోని ఈ కుర్రాళ్లలోనే.

1884లో ముటేసా చనిపోగా కొడుకు మ్వాంగా గద్దె ఎక్కాడు. అప్పటికి ఇరవై కూడా నిండలేదు. అతను కొలువులోని కుర్రాళ్లను లైంగికంగా కోరేవాడని, క్రైస్తవులైనవారు ఒప్పుకోలేదని మిషన్ రికార్డులు చెబుతాయి. కొలువు పెద్దల్లో ఒకడైన జోసెఫ్ ముకాసా ఆ కుర్రాళ్లను రాజు కంటపడకుండా కాపాడేవాడు. తూర్పు దారిన వస్తున్న ఆంగ్లికన్ బిషప్ హానింగ్టన్‌ను 1885 అక్టోబరులో చంపించినప్పుడు అది తప్పని రాజుతోనే అన్నాడు. నవంబరు 15న అతని తల నరికారు. కుర్రాళ్ల బాధ్యత చార్లెస్ ల్వాంగా తీసుకున్నాడు. 1886 మేలో రాజు కోపం మళ్లీ రగిలింది. చావు ఖాయమని తెలిశాక ల్వాంగా ఇంకా బాప్తిస్మం పొందనివారికి తానే ఇచ్చాడు. వాళ్లలో కిజిటోకి పద్నాలుగేళ్లుంటాయి. జూన్ 3న నముగొంగోలో వాళ్లను రెల్లు చాపల్లో చుట్టి నిప్పంటించారు.

'రాజు కోరికను నిరాకరించినందుకు చంపారు' అని నా మొదటి నోట్సులో ఒక్క వాక్యంలో రాసుకున్నాను. ఆ వాక్యం తప్పు కాదు, కానీ చాలదు. మథియాస్ ములుంబా నడివయసు అధికారి. నోవా మవగ్గాలి కుండలు చేసేవాడు. ఆండ్రూ కగ్గ్వా రాజు వాద్యబృందానికి పెద్ద. వీళ్ల చావుకు లైంగిక నిరాకరణ కారణంగా కనిపించదు. బిషప్ హానింగ్టన్ సంగతీ అంతే. సరిగ్గా ఆ ఏడాదే జర్మన్లు తూర్పు తీరంలో భూములు కలుపుకుంటున్నారు. తూర్పు నుంచి వచ్చేవాడు రాజ్యాన్ని మింగుతాడన్న భయం బుగాండాలో ఉండేది. ఇంకొంచెం వెనక్కి వెళ్లండి. 1870ల మధ్యలో ముటేసా తన మాట వినని ముస్లిం కుర్రాళ్లను దాదాపు 70 మందిని చంపించాడు. వాళ్లు కూడా రాజు కన్నా పెద్ద ఆజ్ఞ ఒకటుందని అన్నవాళ్లే. వాళ్ల పేర్లు మన నోట్సుల్లో ఎక్కడా కనబడవు.

ఇప్పుడు ఇవాళ్టి వాదనకు వద్దాం. స్వలింగ సంపర్కం పాశ్చాత్యుల నుంచి దిగుమతి అయిందనేవారు ఈ హతసాక్షులను ఉదాహరణగా చూపిస్తారు. కానీ ఆ కథలో కోరినవాడు ఆఫ్రికా రాజు, వద్దన్నవాళ్లు తెల్లవారి మతం పుచ్చుకున్నవాళ్లు. మరి దిగుమతి అయింది ఏది? ఆనాటి మిషనరీలకూ ఈ చిక్కు ఎదురైంది. మ్వాంగాకు ఆ అలవాటు అరబ్బు వర్తకుల నుంచి వచ్చిందని రాశారు. అప్పుడు అరబ్బుల మీద, ఇప్పుడు పాశ్చాత్యుల మీద.

అవతలి పక్షం మ్వాంగాను తమ పూర్వీకుడిగా చూపిస్తుంది. వలస పాలనకు ముందే ఇది ఆఫ్రికాలో ఉందనడానికి అతను ఆధారమే. కానీ ఇక్కడ నేను ఆగుతాను. కాదంటే తల పోయే చోట అవునన్న మాటకు విలువేముంది? కిజిటో ఒక బాలుడు, ఎదురుగా ఉన్నది సర్వాధికారి. దాన్ని ఇద్దరు వయోజనుల ఇష్టపూర్వక సంబంధంతో కలపడం రెండింటికీ అన్యాయం. నైతికత పేపరులో సమ్మతి మీద ప్రశ్న వస్తే నేను రాసే ఉదాహరణ ఇదే.

కాథలిక్ చర్చి అధికారిక వైఖరి 1992 నాటి సత్యోపదేశంలో ఉంది. స్వలింగ సంపర్క చర్యను అది తప్పుగానే పరిగణిస్తుంది. అదే చోట ఆ మనుషులను గౌరవంతో స్వీకరించాలని, అన్యాయమైన వివక్ష చూపరాదని అంటుంది. ఎవరికి కావలసిన సగం వారు చదువుతారు. 2015 నవంబరులో నముగొంగోకు వచ్చిన పోప్ ఫ్రాన్సిస్ కాథలిక్, ఆంగ్లికన్ స్థలాలు రెంటినీ దర్శించారు. స్వలింగ సంపర్కులై ఉండటం నేరం కాదని 2023 జనవరిలో అన్నారు. అదే ఏడాది మేలో ఉగాండా తెచ్చిన చట్టంలో కొన్ని సందర్భాలకు మరణశిక్ష ఉంది. డిసెంబరు 18న వాటికన్ స్వలింగ జంటలకు, పెళ్లి తంతులా కనిపించని రీతిలో, ఆశీర్వాదం ఇవ్వవచ్చని ప్రకటించింది. 2024 జనవరి 11న ఆఫ్రికా బిషప్పుల సమాఖ్య తమ చర్చిల్లో అది కుదరదని చెప్పింది.

మనకు దగ్గరి ముడి కూడా ఒకటుంది. బ్రిటిష్ తూర్పు ఆఫ్రికాలో తొలినాళ్లలో నడిచింది 1860 నాటి భారత శిక్షాస్మృతే, 377వ సెక్షన్‌తో సహా. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో మన సుప్రీంకోర్టు వయోజనుల సమ్మతి ఉన్నచోట ఆ సెక్షన్ చెల్లదంది. సమ్మతి లేనిచోట, మైనర్ల విషయంలో మాత్రం దాన్ని అలాగే ఉంచింది. ఈ గీతను మ్వాంగా భవనం ముందు పెట్టి చూడండి, కిజిటో ఎటువైపు ఉన్నాడో తెలుస్తుంది.

హతసాక్షుల్లో 22 మంది కాథలిక్కులను 1964 అక్టోబరు 18న పోప్ ఆరవ పాల్ పునీతులుగా ప్రకటించారు. ఉగాండాలో జూన్ 3 సెలవుదినం. మ్వాంగా 1897లో బ్రిటిషువారిపై తిరగబడి ఓడాడు. వాళ్లు అతన్ని సీషెల్స్ దీవులకు పంపేశారు. అక్కడ బాప్తిస్మం తీసుకుని, డానియేరి అనే క్రైస్తవ పేరుతో 1903లో చనిపోయాడు.