చవక బేరం వెనక చరిత్ర



చవకగా వస్తోందంటే స్టీలు గిన్నె దగ్గరైనా, చీర దగ్గరైనా మనం ఒక అడుగు ముందుకు వేస్తాం గదా! అలాంటిది ఇంటిస్థలమే చవకగా వస్తోందంటే ఇక చెప్పాలా? కొన్నేళ్ళ క్రిందట మా వీధి ఆవిడ ఒకరు వచ్చి, ఊరి బయట గట్టు కింద ప్లాట్లు అమ్ముతున్నారనీ, బయటి రేటులో మూడోవంతుకే ఇస్తారనీ చెప్పింది. రిజిస్ట్రేషను మాత్రం ఉండదట. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులచేత సంతకాలు పెట్టించి ఇస్తారట. మా అత్తగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "నా గాజులు తీసుకోవే, బేరం పోనీయకు" అన్నారు.

మావారు మాత్రం పేపరులోంచి తల ఎత్తకుండానే, "అది వన్ ఆఫ్ సెవెంటీ ఏరియా" అని ఊరుకున్నారు.

కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు వైపు కాపురం చేసిన ఆడవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. ఏదో సర్కారు అడ్డంకి, స్థలాలు కొననీయదు, బ్యాంకు లోను రానీయదు అని అందరం విసుక్కున్నవాళ్ళమే. నేనూ అంతే. కాని మర్నాడు పొద్దున అడ్డాకుల కట్టలు అమ్మే ముసలి కోయ అవ్వ వాకిట్లో కూచుంటే, మాటల మధ్యన ఆ గట్టు సంగతి ఎత్తాను. అవ్వ నవ్వి, "ఆ గట్టు కింది చేనా అమ్మా? అది మా అయ్యది. అప్పు కింద పోయింది. మాకు కాయితం ఏడున్నది?" అన్నది. అని మళ్ళీ ఆకులు లెక్కపెట్టుకోసాగింది.

ఆ "కాయితం" అనే మాట నన్ను వదలలేదు. ఆ కాగితం కథ వెదుకుతూ పోతే ఒక ప్రొఫెసరు గారి కథ దొరికింది. అదే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

ఆయన పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టారు. మానవశాస్త్రం చదువుకొని, 1936లో నాగా కొండలకు వచ్చి అక్కడివారి నడుమ ఉండి పరిశోధన చేశారు. 1938లో ఎలిజబెత్ అనే ఇంగ్లీషు అమ్మాయిని పెళ్ళాడారు. ఆమెను అందరూ బెట్టీ అనేవారు. మరుసటి ఏడు దంపతులిద్దరూ మన దేశానికి వచ్చారో లేదో, రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. అప్పటికి ఆస్ట్రియాను హిట్లరు మింగేశాడు కనుక ఈయన చేతిలో ఉన్నది జర్మను పాస్‌పోర్టు. అనగా ఇంగ్లీషువారి లెక్కలో శత్రుదేశపు మనిషి! జైలు శిబిరంలో ఉండవలసినవాడు నైజాం రాజ్యం ఎల్లలు దాటకూడదన్న కట్టడితో బయటపడ్డారు. ఆ కట్టడే మన గిరిజనులకు ఒక విధంగా మేలు చేసింది.

ఆయన ఊరుకోలేదు. 1940లో నల్లమలలోని చెంచుల దగ్గరకు వెళ్ళారు. 1941లో గోదావరి ఒడ్డున పాపికొండలలోని కొండరెడ్ల మధ్యకు వచ్చారు. బెట్టీ కూడా ఆయన వెంట గుడారాలలోనే కాపురం. మనం ఒకపూట కుళాయి నీళ్ళు రాకపోతే ఇల్లెక్కి అరుస్తాం. ఆవిడ నెలల తరబడి అడవిలో పొయ్యి పెట్టుకొని, భర్త రాసుకొనే ప్రతి విషయంలోనూ తోడుగా నిలిచిందంటే ఆలోచించండి.

కొండరెడ్లు అప్పుడెలా బ్రతుకుతున్నారు? కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో కర్రతో గుంటలు చేసి జొన్నలు చల్లుకొనేవారు. దాన్నే పోడు అంటాం. గింజలు అయిపోయిన రోజుల్లో మామిడి టెంకలలోని జీడిని నానబెట్టి, వగరు పోయేదాకా కడిగి అంబలి కాచుకొనేవారు. అదీ లేనప్పుడు జీలుగు చెట్టు బోదెలోని పిండే ఆధారం. ఇంతటి పేదరికానికి తోడు కలప కంట్రాక్టర్లు. వెదురూ కలపా కొట్టించి, తెప్పలు కట్టించి గోదావరి మీద రాజమండ్రికి పంపేవారు. కూలికి బదులు ఉప్పూ, బట్టా, గింజలూ అప్పుగా ఇచ్చి, లెక్క వాళ్ళ పుస్తకంలోనే రాసుకొనేవారు. చదువు రానివాడి అప్పు ఎప్పటికి తీరుతుందమ్మా? తండ్రి అప్పు కొడుకు మీదకి వచ్చేది.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. గోదావరికి ఆవలి ఒడ్డు అప్పుడు ఇంగ్లీషువారిది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. అక్కడ 1917 నుంచే ఒక చట్టం ఉంది. ఏజెన్సీలో కొండవారి భూమి బయటివాళ్ళు సర్కారు అనుమతి లేకుండా కొనరాదు. ఈవలి ఒడ్డు, అంటే మన పాల్వంచ వైపు, నైజాంది. ఇక్కడ అటువంటి చట్టం లేదు. ఒకే నది, ఒకే జనం, ఒకే భాష. ఒక ఒడ్డున కాస్త రక్షణ, ఇంకో ఒడ్డున సున్న! ఏరు దాటితే న్యాయం మారిపోతుందా?

ఇంతలో ఆదిలాబాదు అడవుల్లో ఘోరం జరిగింది. తాము సాగుచేసుకొంటున్న భూములకు పట్టాలడిగి, అడవి అధికారుల జులుంకు ఎదురు తిరిగిన గోండు వీరుడు కొమురం భీము 1940లో జోడేఘాట్ దగ్గర నైజాం పోలీసుల తుపాకులకు బలి అయ్యాడు. కాల్చిన తర్వాత ఎందుకు తిరగబడ్డారన్న సందేహం దొరతనానికి కలిగింది. ఆ కారణాలు తెలుసుకొనే పని హైమన్‌డార్ఫ్ మీద పడింది. ఆయన ఉట్నూరు అడవుల్లో మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకొని కూచున్నారు. కారణం తేలింది. అడవిని రిజర్వు చేసి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. కాగితం తెలిసిన బయటివాళ్ళు కచేరీలో దరఖాస్తు పెట్టి పట్టాలు పొందారు. తాతల నాటి నుంచీ దున్నుకొనే గోండు చేతిలో కాగితం లేదు. మా వాకిట్లో అవ్వ చెప్పిన మాటే!

ఆయన రాసిన నాలుగు నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. ఆ ఏడే నైజాం ప్రభుత్వం ఆయనను గిరిజనుల, వెనుకబడిన తరగతుల సలహాదారుగా నియమించింది. మరోవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ప్రొఫెసరు. ఆదిలాబాదులో వేల కుటుంబాలకు పట్టాలు ఇచ్చారు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టి, గోండు పిల్లలకు గోండీలోనే వాచకాలు తయారు చేయించారు. సేతుమాధవరావు పగడీ అనే అధికారి తానే గోండీ నేర్చుకొని పనిలోకి దిగారు. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల మొర వినే దర్బారు కూడా ఆ రోజుల్లో మొదలైనదే. చివరకు 1359 ఫసలీలో, అనగా 1949లో, గిరిజన ప్రాంతాల నిబంధన వచ్చింది. ఈవలి ఒడ్డుకు రక్షణ అలా అందింది.

అయితే ఆయనను దేవుణ్ణి చేసి కూచోబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన సలహా చెప్పింది భీమును కాల్చిన ప్రభుత్వానికే. భీము ప్రాణం పోయాకనే ఆ ప్రభుత్వానికి చెవులు వచ్చాయి. సలహాదారు చేతిలో కలం ఉంటుంది గాని అధికారం ఉండదు. వినే అధికారి ఉన్నంతకాలం మాట చెల్లుతుంది. ఆయన 1949లో లండనుకు వెళ్ళిపోయారు. అక్కడి విశ్వవిద్యాలయంలో 1976 దాకా పనిచేశారు. నేపాలు షెర్పాల మీద పుస్తకాలు రాశారు. ఇక్కడ గోండీ వాచకాలు మూలపడ్డాయి, చదువు పెద్ద భాషల్లోకి మారిపోయింది. రోడ్లు వచ్చాయి. రోడ్ల వెంట షావుకార్లూ, రైతులూ వచ్చారు.

1959లో ఆంధ్ర ప్రాంతపు ఏజెన్సీకి వచ్చిన భూబదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణాకూ వర్తింపచేశారు. దానిలోని సందులు పూడ్చడానికి 1970లో చేసిన సవరణే మనం విసుక్కొనే వన్ ఆఫ్ సెవెంటీ. ఆ సంవత్సరపు ఒకటవ నిబంధన అన్నమాట. దాని ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనుడు గిరిజనుడికే అమ్మాలి. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసే భారం ఉన్నవాడిదే. 1988లో సుప్రీం కోర్టు దీన్ని సమర్థించింది.

మరి గిరిజనుల భూమి నిలిచిందా? 1970ల చివర హైమన్‌డార్ఫ్ దంపతులు మళ్ళీ వచ్చి పాత గూడేలు చూశారు. తాము పట్టాలిప్పించిన భూములు చాలాచోట్ల పరాయివాళ్ళ సాగులో కనిపించాయి. ఆ బాధంతా 1982లో వచ్చిన పుస్తకంలో రాశారు. గిరిజనుల బ్రతుకుపోరు అని దానికి అర్థం వచ్చే పేరు. చట్టం పుస్తకంలో ఉంది, చేను చేతులు మారింది. ఎలా మారింది? తెల్లకాగితాల మీదే! ఆ కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్ళు రాక్షసులేం కారు. గాజులు కుదువ పెట్టి ఇల్లు కట్టుకొందామనుకొన్న మనలాంటి సంసారులే చాలామంది.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆవిడను మార్లవాయిలో గోండు పద్ధతిని సమాధి చేశారు. ఆయన 1995లో లండనులో పోయారు. ఆయన అస్థికలనూ తరువాత తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గూడెం వాళ్ళు అక్కడ చేరి ఇద్దరినీ తలుచుకొంటారు. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి!

ఆయన గుడారం వేసిన కొండరెడ్ల గోదావరి ఒడ్డున ఇప్పుడు పోలవరం నీటి భయం ఉంది. వేలేరుపాడు, కుకునూరు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఊరు వదిలి పోవలసినవాళ్ళకు మళ్ళీ అదే ప్రశ్న ఎదురవుతోంది. పోడు చేసిన కొండకు కాగితం ఏది?

మేము ఆ ప్లాటు కొనలేదు. అత్తగారు నేటికీ దెప్పుతూనే ఉంటారు. కొన్నవాళ్ళు కొందరు ఇళ్ళు కట్టుకొన్నారు కూడానూ. అవ్వకు చేను తిరిగి రాలేదు. నేను కొననంత మాత్రాన రాదని నాకూ తెలుసు. కాని అవ్వ వచ్చి వాకిట్లో ఆకుల కట్ట దించినప్పుడు ఆమె మొహం చూసి మాట్లాడగలుగుతున్నాను.

ఈసారి మీకు ఎవరైనా చవక బేరం చెబితే గజం ఎంత అని అడగటానికి ముందు, ఈ చేను ఎవరిది అని ఒక్క మాట అడగండి. సెలవు.